కాలేయం ముక్క నుంచి ఆర్గనాయిడ్లు పెంచడం ఎలా: హైదరాబాద్‌లో మొదటిసారి చేసేవాళ్ళకి

చింతగింజంత కాలేయం ముక్క మీ చేతికి వచ్చిందనుకోండి. దాన్ని జాగ్రత్తగా చూసుకుంటే రెండు వారాలకి మైక్రోస్కోప్ కింద ఉడికిన సగ్గుబియ్యం గింజల్లాంటి గోళాలు కనిపిస్తాయి. పలచటి గోడ, లోపల బోలు, అంచు మెరుస్తూ ఉంటుంది. ఇవే లివర్ ఆర్గనాయిడ్లు, అంటే కాలేయ కణాలతో ల్యాబ్‌లో పెంచిన బుల్లి నిర్మాణాలు. నెలల తరబడి పెంచుకోవచ్చు, ఫ్రీజ్ చేసి దాచుకోవచ్చు, మందులు పెట్టి పరీక్షించవచ్చు. మన ఊళ్ళో హబ్సిగూడ నుంచి తుర్కపల్లి దాకా ఇప్పుడు చాలామంది ఈ పని నేర్చుకోవాలనుకుంటున్నారు. అలాంటివాళ్ళు మా ల్యాబ్‌కి వచ్చినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని ఏం చెబుతానో అదే ఇక్కడ రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక విషయం స్పష్టంగా తెలుసుకోండి. ఈ పద్ధతిలో పెరిగేవి కాలేయంలోని పిత్తనాళాల గోడల్లో ఉండే కణాలు. ఆరోగ్యంగా ఉన్న కాలేయంలో అవి దాదాపు నిద్రలో ఉంటాయి. తగిన జెల్, తగిన సంకేతాలు ఇస్తే మూలకణాల్లా విభజన చెందుతాయి. ఆ తర్వాత మీడియా (కణాలకి తిండిగా పోసే ద్రవం) మారిస్తే హెపటోసైట్ల వైపు, అంటే కాలేయం అసలు పని చేసే కణాల వైపు, కొంత దూరం నడుస్తాయి. కొంత దూరమే. పూర్తిగా హెపటోసైట్లు అయిపోవు. ఈ మాట ప్రతి ప్రెజెంటేషన్‌లోనూ మీ నోటి నుంచి రావాలి.

ఈ పద్ధతికి పునాది పడింది నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌లో, హాన్స్ క్లెవర్స్ ల్యాబ్‌లో. 2009లో తోషిరో సాటో చిట్టెలుక పేగు మూలకణాల నుంచి ఆర్గనాయిడ్లు పెంచారు. 2013లో మెరిచెల్ హుక్ చిట్టెలుక కాలేయం నుంచి, 2015లో మనిషి కాలేయం నుంచి పెంచి చూపించారు. కింద చెప్పే మీడియా, మోతాదులు ఆ మనిషి కాలేయం పద్ధతికి చెందినవే.

ముందు కాగితాలు, మనుషులు

రీఏజెంట్లు ఆర్డర్ పెట్టడానికి ముందే అనుమతుల పని మొదలుపెట్టండి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), బయోటెక్నాలజీ శాఖ (డీబీటీ) కలిసి 2017లో తెచ్చిన మూలకణ పరిశోధన మార్గదర్శకాల ప్రకారం మీ సంస్థలో మూలకణ పరిశోధన కమిటీ అనుమతి, ఎథిక్స్ కమిటీ అనుమతి రెండూ కావాలి. ముక్క ఇచ్చే హాస్పిటల్ ఎథిక్స్ కమిటీ కూడా ఒప్పుకోవాలి. విదేశీ ల్యాబ్‌తో కలిసి చేస్తున్నా, విదేశీ నిధులున్నా ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ దగ్గరికి వెళ్ళాలి. ఇవన్నీ నెలలు పట్టే పనులు. ఈలోపు చిట్టెలుక కాలేయంతో చేతులు అలవాటు చేసుకుందామంటే దానికి జంతు ఎథిక్స్ కమిటీ అనుమతి వేరు.

ఇక సమ్మతి పత్రం. దీన్ని క్లర్కు పనిలా చూడకండి. తెలుగులో రాయించండి, ఉర్దూలో కూడా రాయించండి. పేషెంట్‌తోను, వాళ్ళ ఇంటివాళ్ళతోను మీరే కూర్చుని చదివి వినిపించండి. ఒకసారి నల్గొండ వైపు నుంచి వచ్చిన ఒకామెకి నేను ఇలాగే వివరిస్తున్నాను. ఆపరేషన్‌లో ఎలాగూ తీసేసే భాగంలో చిన్న ముక్క మేం తీసుకుంటామని, దాంట్లోని కణాలని ల్యాబ్‌లో పెంచుతామని చెప్పాను. ఆమె అంతా విని అడిగింది: "గట్ల పెంచిన లివర్ మల్ల మా ఆయనకే పెడ్తరా సారూ?"

"లేదమ్మా. ఇది మీ ఆయన వైద్యానికి పనికిరాదు. మందులు ఎవరికి ఎలా పనిచేస్తాయో తెలుసుకోవడానికి పనికొస్తుంది. మీరు వద్దన్నా మీ ఆయనకి జరిగే వైద్యంలో తేడా ఏం రాదు."

ఆమె కాసేపు ఆలోచించి, ఆయన్ని అడిగి వస్తానంది. అరగంటకి తిరిగొచ్చింది, ఆయన సంతకం పెట్టారు. "లేదమ్మా" అన్న ఆ మాట తప్పకుండా చెప్పాలి. మూలకణాలు అనగానే ఏ జబ్బైనా నయమైపోతుందని నమ్మించి డబ్బు గుంజేవాళ్ళు ఉన్నారు. కాలేయానికి మూలకణాలతో వైద్యం అని క్లినికల్ ట్రయల్ బయట అమ్మడాన్ని అవే మార్గదర్శకాలు ఒప్పుకోవు. మన నోటి నుంచి వచ్చిన సగం మాట పట్టుకుని ఆ కుటుంబం రేపు అలాంటి చోటికి వెళ్ళకూడదు.

హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి పరీక్షల ఫలితాలు తెలియకుండా ముక్కని హుడ్‌లో (వడపోసిన గాలి వీచే క్యాబినెట్‌లో) పెట్టకండి. నెగెటివ్ వచ్చినా సరే బయోసేఫ్టీ రెండో స్థాయి ల్యాబ్‌లోనే పని చేయాలి. ముక్కని ముట్టుకునే ప్రతి ఒక్కరూ హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ వేసుకుని ఉండాలి. ప్రాజెక్ట్ అసిస్టెంట్లు కొత్తగా చేరినప్పుడు ఇది అడగడం చాలామంది మర్చిపోతారు. మీరు మర్చిపోవద్దు. మిగిలిన కణజాలం పసుపు సంచిలోకి వెళ్ళాలి.

మీడియా: ఏది ఎందుకు

పెంచే మీడియాకి ఆధారం అడ్వాన్స్‌డ్ డీఎంఈఎం/ఎఫ్12. అందులో 1 శాతం గ్లూటామాక్స్, 10 మిల్లీమోలార్ హెపెస్, 1 శాతం పెన్సిలిన్-స్ట్రెప్టోమైసిన్ కలిపితే బేసల్ మీడియా. కడగడానికీ, పాసేజ్ చేయడానికీ (పెరిగిన గోళాలని పగలగొట్టి కొత్త జెల్‌లో వేయడానికి) ఇదే వాడతాం కాబట్టి లీటర్ల లెక్కన ఖర్చవుతుంది. ఎప్పుడూ రెండు సీసాలు ఫ్రిజ్‌లో ఉంచుకోండి.

దీనికి విటమిన్ ఎ లేని బి27 యాభైలో ఒక వంతు, ఎన్2 వందలో ఒక వంతు, ఎన్-అసిటైల్‌సిస్టీన్ 1 మిల్లీమోలార్, నికోటినమైడ్ 10 మిల్లీమోలార్, గ్యాస్ట్రిన్ 10 నానోమోలార్ కలపండి. తర్వాత పెరుగుదల కారకాలు, అంటే కణాలని పెరగమని చెప్పే ప్రోటీన్లు: మి.లీ.కి ఈజీఎఫ్ 50 నానోగ్రాములు, ఎఫ్‌జీఎఫ్10 100 నానోగ్రాములు, హెచ్‌జీఎఫ్ 25 నానోగ్రాములు. చివరికి అసలైన మూడు: ఆర్-స్పాండిన్1 కండిషన్డ్ మీడియా (ఆ ప్రోటీన్‌ని స్రవించే కణాలు పెరిగిన ద్రవం) 10 శాతం, ఫోర్‌స్కోలిన్ 10 మైక్రోమోలార్, ఏ83-01 5 మైక్రోమోలార్.

ఈ మూడింటి గురించి కాస్త చెప్పాలి. ఆర్-స్పాండిన్ మూలకణాల మీదుండే ఎల్‌జీఆర్5 లాంటి గ్రాహకాలకి అతుక్కుని డబ్ల్యూఎన్‌టీ సంకేతాన్ని బలపరుస్తుంది. విభజన ఆగకుండా సాగడానికి అదే ముఖ్యం. ఫోర్‌స్కోలిన్ కణంలో సైక్లిక్ ఏఎంపీని పెంచుతుంది. ఏ83-01 టీజీఎఫ్-బీటా సంకేతాన్ని అడ్డుకుంటుంది. చిట్టెలుక కణాలు ఈ రెండూ లేకపోయినా నెట్టుకొస్తాయి. మనిషి కణాలు మాత్రం కొన్ని పాసేజ్‌లకే పెరగడం మానేస్తాయి. చిట్టెలుక మీడియాతో మనిషి కణాలు పెంచబోయి "మా చేతుల్లో ఇది పనిచేయట్లేదు" అని వదిలేసినవాళ్ళని నేను చూశాను. లోపం చేతుల్లో లేదు, సీసాలో ఉంది.

ఆర్-స్పాండిన్‌ని దాన్ని స్రవించే 293టీ కణాల లైను నుంచి ల్యాబ్‌లోనే తయారు చేసుకోవచ్చు. ఖర్చు బాగా తగ్గుతుంది. కానీ ప్రతి బ్యాచ్‌నీ డబ్ల్యూఎన్‌టీ రిపోర్టర్ కణాల మీద (ఆ సంకేతం అందితే వెలుగు ఇచ్చే కణాలు) లూసిఫరేజ్ పరీక్ష చేయకుండా వాడొద్దు. పాత బ్యాచ్ అయిపోకముందే కొత్త దాన్ని పక్కపక్కనే పెట్టి పోల్చుకోండి.

మొదటి మూడు రోజులకి మాత్రం ఇదే మీడియాలో అదనంగా నాగిన్ మి.లీ.కి 25 నానోగ్రాములు, డబ్ల్యూఎన్‌టీ3ఏ కండిషన్డ్ మీడియా 30 శాతం, వై-27632 10 మైక్రోమోలార్ కలపాలి. పక్క కణాల నుంచి విడిపోయిన కణం ఒంటరితనానికే చచ్చిపోతుంది. వై-27632 ఆ చావుని ఆపుతుంది.

కారకాలు రాగానే చిన్న చిన్న ఆలిక్వాట్లు (ఒక్కో వాడకానికి సరిపడే భాగాలు) చేసి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టండి. ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. ఓసారి డ్రై ఐస్ పెట్టె మూడు రోజుల సెలవుల ముందు సాయంత్రం వచ్చింది. తీసుకున్నవాళ్ళకి అందులో ఏముందో తెలియక బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. సెలవులయ్యాక తెరిస్తే డ్రై ఐస్ చుక్క లేదు, గొట్టాలు గది వేడికి వచ్చేశాయి. ఏప్రిల్ నెల. ఆ కారకాల కోసం మళ్ళీ వారాలు ఆగాం. అప్పటి నుంచి సెలవుల ముందు వారంలో దేన్నీ డెలివరీకి ఒప్పుకోను. రిసెప్షన్‌లో పెద్ద అక్షరాల తెలుగులో కాగితం అతికించి ఉంటుంది: ఈ పెట్టె వస్తే వెంటనే ఫోన్ చేయండి.

కరెంటు గురించీ అంతే. ఇంక్యుబేటర్, మైనస్ 80 ఫ్రీజర్ రెండూ జనరేటర్ లైను మీద ఉన్నాయో లేదో మీరే వెళ్ళి ప్లగ్ చూడండి. వేసవి సాయంత్రం గాలివాన వచ్చిందంటే ఏ ఫీడర్ పోతుందో ఎవరూ చెప్పలేరు.

ముందురోజు రాత్రి

కణాలని పెంచే జెల్ అయిన మ్యాట్రిజెల్‌ని ఐసు మీద పెట్టి ఫ్రిజ్‌లో రాత్రంతా కరగనివ్వండి. 24 వెల్స్ (గుంటలు) ఉన్న ప్లేట్లని ఇంక్యుబేటర్‌లో పెట్టేయండి. వెచ్చటి ప్లాస్టిక్ మీద చుక్క పాకకుండా గుండ్రంగా నిలబడుతుంది. పిపెట్ టిప్పుల పెట్టె, ఖాళీ గొట్టాలు ఫ్రీజర్‌లో పెట్టండి. రవాణా గొట్టంలో చల్లటి బేసల్ మీడియా పోసి, పేషెంట్ పేరు లేకుండా కోడ్ మాత్రమే రాసి సిద్ధం చేసుకోండి.

థియేటర్ నుంచి ల్యాబ్ దాకా

ముక్క ఎంపిక పాథాలజిస్టుకి వదిలేయండి. గడ్డ ఉన్న కాలేయం అయితే గడ్డకి దూరంగా ఉన్న ఆరోగ్యకరమైన భాగం నుంచి ఇవ్వమని అడగండి. అర క్యూబిక్ సెంటీమీటర్ నుంచి ఒక క్యూబిక్ సెంటీమీటర్ వరకు చాలు. ఇంకా పెద్ద ముక్క ఇస్తామన్నా మొదట్లో తీసుకోకండి, సమయానికి కోసి పూర్తి చేయలేరు.

చల్లటి మీడియాలో, ఐసు మీద ఉంటే కాలేయం ముక్క కొన్ని గంటలు ఓపిక పడుతుంది. మరుసటి ఉదయం దాకా ఆగినా ఆర్గనాయిడ్లు వచ్చిన సందర్భాలున్నాయి. అయినా అదే రోజు చేయండి. గచ్చిబౌలి హాస్పిటల్ నుంచి తార్నాక ల్యాబ్‌కి సాయంత్రం పూట కారులో రావడమంటే ఎంతసేపో మీకు తెలుసు. నేను రాయదుర్గం స్టేషన్‌లో మెట్రో ఎక్కేస్తాను. 2021 ఫిబ్రవరిలో మార్పిడి కోసం ఒక గుండెనే నాగోలు నుంచి జూబ్లీహిల్స్ దాకా మెట్రోలో తీసుకెళ్ళిన ఊరు మనది. కాకపోతే ముందుగా సెక్యూరిటీవాళ్ళకి అనుమతి పత్రం చూపించి మాట్లాడి పెట్టుకోవాలి. గొట్టం లీకు కాకుండా మూడు పొరల ప్యాకింగ్‌లో ఉండాలి.

ముక్క కోయడం, కరిగించడం

పెట్రీ డిష్‌ని ఐసు మీద పెట్టి ముక్కని చల్లటి బేసల్ మీడియాతో రెండు మూడు సార్లు కడగండి. కోయకముందే రెండు చిన్న తునకలు పక్కకి తీయండి. ఒకటి ఫార్మలిన్‌లోకి, ఒకటి ద్రవ నైట్రోజన్‌లోకి. ఆరు నెలల తర్వాత ఆర్గనాయిడ్లని అసలు కణజాలంతో పోల్చాల్సి వస్తుంది, అప్పుడు ఆ రెండు తునకలే ఆధారం. మిగిలినదాన్ని రెండు స్కాల్పెల్ బ్లేడ్లతో అడ్డంగా, నిలువుగా సన్నగా తరగండి. ఉప్మారవ్వ ముద్దలా అయ్యేదాకా. ఇక్కడ తొందరపడితే తర్వాత ఎంజైమ్‌లో ఎక్కువసేపు ఉంచాల్సి వస్తుంది, అది కణాలకి చేటు.

ఎంజైమ్ ద్రావణం ఎర్ల్స్ సాల్ట్ ద్రావణంలో చేయండి. మి.లీ.కి కొలాజినేజ్ డి 2.5 మిల్లీగ్రాములు, డీఎన్‌ఏజ్ 0.1 మిల్లీగ్రాము. కొలాజినేజ్‌కి కాల్షియం కావాలి, కాబట్టి కాల్షియాన్ని పట్టేసే ఈడీటీఏ ఉన్నది ఏదీ ఈ దశలో దగ్గరికి రాకూడదు. డీఎన్‌ఏజ్ ఎందుకంటే చచ్చిన కణాల నుంచి బయటపడ్డ డీఎన్‌ఏ తీగపాకంలా సాగి మిగిలిన కణాలన్నిటినీ అంటించేస్తుంది.

37 డిగ్రీల దగ్గర మెల్లగా కదుపుతూ ఉంచండి. ఎంతసేపు? ఇరవై నిమిషాల్లో అయిపోయిన ముక్కలున్నాయి, గంటన్నర పట్టిన ముక్కలున్నాయి. కొవ్వు పట్టిన కాలేయం ఒకలా, పీచుకట్టిన కాలేయం ఇంకోలా ప్రవర్తిస్తాయి. అందుకే గడియారం కంటే మైక్రోస్కోప్‌ని నమ్మండి. పది నిమిషాలకోసారి ఒక చుక్క స్లైడు మీద వేసి చూడండి. మొదట పెద్ద పెద్ద దిమ్మలు. తర్వాత విడి కణాలు, అక్కడక్కడా చిన్న గుత్తులు. గుండ్రంగా, పెద్దగా, కొన్నిటిలో రెండు కేంద్రకాలతో కనిపించేవి హెపటోసైట్లు. వాటి మధ్య చిన్నగా, ఒద్దికగా ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్న గుత్తులే మనకి కావలసిన నాళ కణాలు. విడి కణాలూ, ఇలాంటి చిన్న గుత్తులూ ఎక్కువగా కనిపించగానే ఆపేయండి. ఇంకో ఐదు నిమిషాలు ఉంచుదామనే ఆశ వద్దు.

1 శాతం సీరం కలిపిన చల్లటి మీడియా నిండుగా పోస్తే ఎంజైమ్ పని మందగిస్తుంది. 70 మైక్రాన్ల జల్లెడలో వడపోసి, 4 డిగ్రీల దగ్గర 300 నుంచి 400 జీ బలంతో ఐదు నిమిషాలు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి. పెల్లెట్ (అడుగున చేరిన కణాల ముద్ద) ఎర్రగా ఉంటే ఎర్ర రక్తకణాలని కరిగించే అమోనియం క్లోరైడ్ ద్రావణంలో కొద్ది నిమిషాలు ఉంచి మళ్ళీ కడగండి. చచ్చిన కణాలకే పట్టే ట్రైపాన్ బ్లూ రంగుతో బతికున్న కణాలని లెక్కపెట్టండి.

మ్యాట్రిజెల్ చుక్క

కొత్తవాళ్ళకి చేయి వణికే చోటు ఇది. మ్యాట్రిజెల్ చిట్టెలుకలో పెరిగే ఒక రకం కణితి నుంచి తీసిన ప్రోటీన్ల మిశ్రమం. చల్లగా ఉంటే ద్రవం, వెచ్చబడితే గడ్డ. ఒకసారి గడ్డకట్టాక ఐసు మీద పెట్టినంత మాత్రాన వెంటనే మామూలు కాదు. మీ వేళ్ళ వేడి చాలు దాన్ని చెడగొట్టడానికి. గొట్టాన్ని అడుగున పట్టుకోవద్దు, మూత దగ్గర పట్టుకోండి.

లెక్క వెల్‌కి 3,000 నుంచి 10,000 కణాలు, 50 మైక్రోలీటర్ల మ్యాట్రిజెల్. పెల్లెట్ మీద మిగిలిన ద్రవం వీలైనంత తీసేయండి. లేకపోతే జెల్ పలచబడి మూడో రోజుకే చుక్క ఊడి తేలుతుంది. ఫ్రీజర్‌లోంచి తీసిన టిప్పుతో మ్యాట్రిజెల్ పోసి, మెల్లగా పైకీ కిందకీ కలపండి. బుడగలు రానివ్వకండి. పిపెట్‌ని రెండో ఆపు దాకా నొక్కితే వచ్చే బుడగలే ఎక్కువ. మొదటి ఆపు దగ్గరే ఆగండి.

వెచ్చటి ప్లేటుని ఇంక్యుబేటర్ నుంచి తీసి వెంటనే ఒక్కో వెల్ మధ్యలో ఒక్కో చుక్క. టిప్పు అడుగుకి ఆనించకుండా, అడుగుకి ఒక వెంట్రుకవాసి పైన ఉంచి వదిలితే చుక్క తనంతట తనే గుమ్మటంలా కూర్చుంటుంది. గోడకి తగిలితే పాకిపోతుంది, ఆ వెల్‌ని లెక్కలోంచి తీసేయండి. ఆరు చుక్కలకోసారి గొట్టాన్ని తిరిగి కలపండి, కణాలు అడుగుకి దిగిపోతుంటాయి.

ప్లేటుని ఇంక్యుబేటర్‌లో పెట్టి ఒక నిమిషం ఆగి, తలకిందులు చేయండి. అలా చేస్తే కణాలు జెల్ మధ్యలోనే నిలుస్తాయి. తిప్పకుండా వదిలేస్తే అడుగుకి జారి ప్లాస్టిక్‌కి అంటుకుని చదునుగా పరుచుకుంటాయి, అప్పుడవి ఆర్గనాయిడ్లు కావు. పది పదిహేను నిమిషాలు ఆగండి. తోడుకున్న పెరుగు గిన్నెని వంచి చూసినట్టు ప్లేటుని కాస్త వంచి చూడండి. చుక్క కదలకపోతే కట్టినట్టే. అప్పుడు వెచ్చబెట్టిన మీడియా 500 మైక్రోలీటర్లు, వెల్ గోడ వారగా పోయండి. చుక్క మీద పడేట్టు పోయకండి.

మొదటి రెండు వారాలు

రెండో రోజు చూస్తే ఏడుపొస్తుంది. చుక్క నిండా నల్లటి చెత్త, విరిగిన కణాలు. మీకు ముందే చెబుతున్నాను, అది మామూలే. చనిపోతున్నవి హెపటోసైట్లు, ఈ మీడియాలో అవి బతకవు. ప్లేటు పారేయకండి. మా దగ్గర చేరిన ఒకమ్మాయి రెండో రోజే ప్లేటుని బ్లీచ్‌లో ముంచబోతుంటే ఆపాను. ఐదో రోజు తనే నన్ను మైక్రోస్కోప్ దగ్గరికి లాక్కెళ్ళింది. ఆ చెత్త మధ్యలో సన్నటి ఉంగరంలాంటి ఒక గుండ్రం. మరుసటి రోజు పక్కన ఇంకోటి. ఆ రోజు ఆ అమ్మాయి మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది.

మూడో రోజు దాటాక నాగిన్, డబ్ల్యూఎన్‌టీ, వై-27632 లేని పెంచే మీడియాకి మారండి. ఆ తర్వాత మూడు నాలుగు రోజులకోసారి మీడియా మార్చండి. మేం సోమవారం, గురువారం అని పెట్టుకున్నాం, పండగలొచ్చినా ఆ రెండు రోజులు ఎవరో ఒకరు వస్తారు. రోజూ చూడండి, రోజూ ముట్టుకోకండి. ప్లేటు బయటికి తీసిన ప్రతిసారీ చల్లబడుతుంది. ఒకే వెల్‌లో ఒకే చోట ఫోటో తీసి తేదీ రాసి పెట్టుకుంటే చాలు.

వానాకాలంలో ఫంగస్ మీద కన్నేసి ఉంచండి. ఇంక్యుబేటర్ నీళ్ళ పళ్ళెం వారానికోసారి కడిగి స్టెరైల్ నీళ్ళు పోయండి. ఒక్క వెల్‌లో దూదిపోగులా ఏదైనా కనిపిస్తే ప్లేటంతా తీసేయండి, ఆ ఒక్క వెల్‌ని కాపాడే ప్రయత్నం వద్దు. మైకోప్లాస్మా అనే బాక్టీరియా కంటికి కనిపించదు. నెలకోసారి పీసీఆర్ చేయాల్సిందే.

పాసేజ్

సుమారు పధ్నాలుగో రోజుకి మొదటి పాసేజ్ వస్తుంది. ఆ తర్వాత వారం పది రోజులకోసారి, ఒక వెల్‌ని నాలుగు నుంచి ఆరు వెల్స్ చేయొచ్చు. మొదటిసారి మాత్రం ఒకటికి రెండుకి మించి చేయకండి.

చల్లటి బేసల్ మీడియా పోసి జెల్‌ని పిపెట్‌తో గీరి గొట్టంలోకి తీసుకోండి. మంటలో మూతి సన్నం చేసిన గాజు పాశ్చర్ పిపెట్‌తో పది ఇరవై సార్లు లాగి వదలండి. గోళాలు పగిలి తునకలవుతాయి. అన్నీ ఒకేలా పగిలాయో లేదో చుక్క తీసి చూడండి. 200 నుంచి 250 జీ దగ్గర ఐదు నిమిషాలు తిప్పితే పెల్లెట్ పైన మబ్బులాంటి పాత మ్యాట్రిజెల్ పొర కనిపిస్తుంది. దాన్ని ఓపిగ్గా తీసేయండి. అది మిగిలితే కొత్త జెల్ సరిగ్గా కట్టదు. తర్వాత మళ్ళీ చుక్కలు వేయడమే.

గోళాలు మరీ పెద్దవై లోపల నల్లబడేదాకా ఆగితే వాటిలో చాలా కణాలు అప్పటికే పోయి ఉంటాయి. మరీ చిన్నగా పగలగొట్టినా కోలుకోవడానికి రోజులు పడుతుంది. ఈ కొలత మీ కంటికి అలవాటయ్యేదాకా ఐదారు పాసేజ్‌లు పడుతుంది.

హెపటోసైట్ల వైపు

పెరుగుతున్న ఆర్గనాయిడ్లలో నాళ కణాల గుర్తులైన ఈపీక్యామ్, కెరాటిన్19, సాక్స్9 ఉంటాయి, హెపటోసైట్లు తయారు చేసే అల్బుమిన్ చాలా తక్కువ. అల్బుమిన్ కావాలంటే పెరుగుదల ఆపాలి. పాసేజ్ చేశాక ఐదారు రోజులు పెంచే మీడియాలోనే మి.లీ.కి 25 నానోగ్రాముల బీఎంపీ7 కలిపి ఉంచండి. తర్వాత మీడియా మార్చండి: ఆర్-స్పాండిన్, ఫోర్‌స్కోలిన్, నికోటినమైడ్, ఎఫ్‌జీఎఫ్10 తీసేయాలి. ఏ83-01ని 0.5 మైక్రోమోలార్‌కి తగ్గించాలి. ఈజీఎఫ్, గ్యాస్ట్రిన్, హెచ్‌జీఎఫ్, బీఎంపీ7 కొనసాగిస్తూ, డాప్ట్ 10 మైక్రోమోలార్, ఎఫ్‌జీఎఫ్19 మి.లీ.కి 100 నానోగ్రాములు, డెక్సామెథసోన్ 3 మైక్రోమోలార్ కలపాలి. ఇందులో డాప్ట్ నాచ్ సంకేతాన్ని ఆపుతుంది. నాళ కణంగానే ఉండిపొమ్మని చెప్పే సంకేతం అది.

పదకొండు నుంచి పదమూడు రోజులు, రెండు మూడు రోజులకోసారి మీడియా. గోళాల గోడలు మందమవుతాయి, రంగు ముదురుతుంది, కొన్ని ముడుచుకుంటాయి. ఇక ఇవి విభజన చెందవు. కాబట్టి అన్ని వెల్స్‌నీ ఒకేసారి ఇటు పంపకండి. సగం పెంచే మీడియాలో ఉంచుకోండి.

ఆ తర్వాత పరీక్షలు. మీడియాలోకి వచ్చిన అల్బుమిన్‌ని ఎలైసాతో కొలవండి, మందులని మార్చే సీవైపీ3ఏ4 ఎంజైమ్ పనిని లూమినిసెన్స్ కిట్‌తో చూడండి, గ్లైకోజన్‌కి పీఏఎస్ రంగు వేయండి. పక్కన రెండు పోలికలు తప్పకుండా ఉండాలి: పెంచే మీడియాలోనే ఉన్న అదే పేషెంట్ ఆర్గనాయిడ్లు, మనిషి కాలేయం నుంచి నేరుగా తీసిన హెపటోసైట్లు. మొదటిదానితో పోలిస్తే మీ సంఖ్య బాగా పెరిగి కనిపిస్తుంది. రెండోదానితో పోలిస్తే చిన్నదిగా కనిపిస్తుంది. గ్రాఫ్‌లో రెండూ చూపించండి.

మన ఊరి మందుల కంపెనీలకి ఈ పని మీద ఆసక్తి ఎందుకో మీకు తెలుసు. 2023లో కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలని సవరించినప్పుడు జంతువులకి బదులుగా ఆర్గనాయిడ్ల వంటి పద్ధతులకీ చోటిచ్చారు. మందు విషప్రభావం చూడాలనుకుంటే మొదట ట్రోవాఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ జంటతో మొదలుపెట్టండి. ఒకే కుటుంబం మందులు. మొదటిది కాలేయాన్ని దెబ్బతీస్తోందని వాడకం ఆపేశారు, రెండోది నేటికీ వాడుతున్నారు. పారాసిటమాల్‌తో మాత్రం జాగ్రత్త. దాన్ని విషంగా మార్చేవి కాలేయంలోని సీవైపీ ఎంజైమ్‌లే. అవి చాలినంత లేని ఆర్గనాయిడ్లకి పారాసిటమాల్ ఎంత పోసినా ఏమీ కాకపోవచ్చు. అది చూసి మందు సురక్షితం అని రాస్తే, ఆ పొరపాటు రేపు ఎవరి ఇంటి మంచం మీద తేలుతుందో ఆలోచించండి. సీవైపీ ఫలితం చేతిలో లేకుండా విషప్రభావం పరీక్ష మొదలుపెట్టకండి.

దాచుకోవడం

రెండో మూడో పాసేజ్‌లోనే ఫ్రీజ్ చేయడం మొదలుపెట్టండి. పదో పాసేజ్ దాకా ఆగితే ఈలోపు ఏ ఫంగసో, కరెంటు కోతో వస్తే ఆ పేషెంట్ కణాలు మళ్ళీ దొరకవు. పాసేజ్ చేసిన రెండు మూడు రోజులకి గోళాలు చిన్నగా, చురుగ్గా ఉంటాయి. అప్పుడు తీసి, జెల్ కడిగేసి, రెండు నుంచి నాలుగు వెల్స్ కణాలని ఒక వయల్‌లో, 10 శాతం డీఎంఎస్‌ఓ (గడ్డకట్టేటప్పుడు కణాలని కాపాడే రసాయనం) ఉన్న ఫ్రీజింగ్ మీడియాలో ఉంచండి. నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లబరిచే డబ్బాలో పెట్టి మైనస్ 80లో రాత్రంతా ఉంచి, మర్నాడు ద్రవ నైట్రోజన్‌లోకి మార్చండి. వయల్ మీద కోడ్, పాసేజ్ నంబరు, తేదీ, మ్యాట్రిజెల్ లాట్ నంబరు రాయండి. పేషెంట్ పేరు ఎక్కడా రాయకండి.

వారం తర్వాత ఒక వయల్ బయటికి తీయండి. 37 డిగ్రీల నీళ్ళలో చివరి మంచు రవ్వ కరుగుతుండగానే తీసి, చల్లటి మీడియా చుక్కచుక్కగా కలిపి, తిప్పి, జెల్‌లో వేసి, మూడు రోజులు వై-27632 ఉన్న మీడియా ఇవ్వండి. నాలుగైదు రోజుల్లో ఆ ఉంగరాలు మళ్ళీ కనిపిస్తే ఆ కోడ్ పక్కన రిజిస్టర్‌లో టిక్ పెట్టుకోండి. కనిపించకపోతే మిగిలిన వయల్స్‌ని నమ్ముకోకుండా, ప్లేటులో ఇంకా పెరుగుతున్నవాటిని ఆ రోజే మళ్ళీ ఫ్రీజ్ చేయండి.